ఆ బ్యానర్ ఎవరికి రాస్తున్నాం?

మార్చి 8 ర్యాలీ కమిటీలో ఉన్న అక్కలకు, చెల్లెళ్లకు,

ఆదివారం మీటింగ్ సగంలో ఉండగా నేను లేచిపోయాను. ఈ వాక్యం రాసి రెండు నిమిషాలు ఆగాను. మగవాడు మీటింగ్‌లోంచి లేచిపోయాడంటే కోపం వచ్చి బయటికి నడిచాడని అర్థం. ఆడది లేచిపోయిందంటే మన ఊళ్లలో ఇంకేదో అర్థం, ఆ సంగతి చెప్పేవాళ్ల మొహంలో ఒక రకమైన నవ్వు కూడా. సరే, మీటింగ్‌లోంచి బయటికి వచ్చేశాను అని మార్చి రాస్తున్నాను. ఇట్లా మార్చి రాయాల్సి వచ్చిందని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ ఉత్తరమంతా దాని గురించే.

ఇది మన గ్రూపులోనే పెట్టొచ్చు కదా అంటారు. పెట్టేదాన్నే. కానీ ఆదివారం రాత్రి నుంచి గ్రూపులో నడుస్తున్నది చర్చ కాదు, ఎవరికి గుండె ఉంది ఎవరికి లేదు అనే పంచాయితీ. బ్యానర్‌కు సరే అన్నవాళ్లు ధైర్యవంతులు, వద్దన్నవాళ్లు మొగుళ్లకు భయపడేవాళ్లు. అటు నుంచి చూస్తే సరే అన్నవాళ్లు నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు, ఇన్‌స్టాగ్రామ్ కోసం ఉద్యమం చేసేవాళ్లు. నేను ఈ రెండు గుంపుల్లో దేనిలోనూ ఇమడను. పైగా ఇది మన పదిహేడు మంది సొంత గొడవ కూడా కాదు, కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ఇట్లాంటి చిన్న సంఘం పెట్టుకున్న ఆడవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ గొడవ పడాల్సిందే. అందుకని అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ లేనివాళ్ల కోసం సంగతి చెప్తాను. ఈసారి హనుమకొండ ఏకశిల పార్కు నుంచి అంబేద్కర్ విగ్రహం దాకా నడవాలని అనుకున్నాం. అందరికంటే ముందు నడిచే పెద్ద బ్యానర్ మీద ‘అవును, మేం లంజలమే. అయితే ఏంటి?’ అని రాద్దామని యూనివర్సిటీ హాస్టల్ చెల్లెళ్లు అన్నారు. ఆ మాట ఇక్కడ పూర్తిగా రాశాను, నాకు నోరు రాదని ఎవరూ అనుకోకుండా. ఇక ముందు ‘ఆ మాట’ అనే రాస్తాను. సిగ్గుతో కాదు, కారణం కింద ఉంది. చేతులెత్తమంటే తొమ్మిది మంది సరే అన్నారు, ఆరుగురు వద్దన్నారు, మున్సిపాలిటీలో ఊడ్చే మన పెద్దమ్మ చెయ్యి ఎత్తనే లేదు, నేను అప్పటికే బయట మెట్ల మీద ఉన్నాను.

ముందు వద్దన్న అక్కలతో మాట్లాడతాను. చివరికి నేనూ వద్దనేదాన్నే, కాబట్టి మీరు నన్ను మీ లెక్కలో కలిపేసుకుంటారేమో అని నా భయం. మీరు చెప్పిన కారణాలు నాకు ఒక్కటీ నచ్చలేదు. మన సంస్కృతి కాదు అన్నారు. ఏ సంస్కృతి అక్కా? నల్లా దగ్గర వరసలో ఎవరైనా బిందె ముందుకు జరిపితే ‘నీ చేతులిరగ, నీ నోట్ల మన్నువడ’ అని మొదలుపెట్టి ఏడు తరాల దాకా పోయే మన అవ్వలది ఏ సంస్కృతి? పాలకుర్తిలో ఐలమ్మ చేతికొచ్చిన పంట ఎత్తుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వస్తే ఆమె వాళ్లతో మర్యాదగా, ఆడవాళ్లు మాట్లాడాల్సినట్టు మాట్లాడి ఉంటుందా? ఇవాళ హైదరాబాద్‌లో మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టుకున్నాం, ఆ నోరు మాత్రం మనకు వద్దు. పేపర్లవాళ్లు అసలు సమస్య వదిలేసి ఈ మాటే పట్టుకుంటారు అని కూడా అన్నారు. మర్యాదగా రాసిన ఏడు వాళ్లేం పట్టుకున్నారని? పోయినేడు మన ర్యాలీ జిల్లా పేజీలో రెండు అంగుళాలు పడింది, అందులో సగం ముఖ్య అతిథి పేరూ హోదా.

ఘాటు మాట అంటేనే ఉద్యమం పక్కదారి పట్టింది అనేవాళ్లకు నేను మణిపూర్ తల్లుల సంగతి చెప్తాను. 2004 జూలైలో తంగ్జామ్ మనోరమను అస్సాం రైఫిల్స్ అనే సాయుధ దళం వాళ్లు రాత్రిపూట ఇంట్లోంచి పట్టుకుపోయారు, తెల్లారి ఆమె శవం దొరికింది. జూలై 15న ఇంఫాల్‌లో ఆ దళం ఉండే కాంగ్లా కోట గేటు ముందు పన్నెండు మంది తల్లులు ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడ్డారు, చేతుల్లో ‘ఇండియన్ ఆర్మీ రేప్ అస్’ అని బ్యానర్. పిల్లలను కని పెంచినవాళ్లు, కొందరు అప్పటికే అమ్మమ్మలు నానమ్మలు. అంతకంటే ఘాటైన మాట ఈ దేశంలో ఏ బ్యానర్ మీదైనా ఉందా నాకు తెలియదు. అందులో అసభ్యం ఏమైనా ఉంటే అది లోపల తుపాకులు పట్టుకుని నిలబడ్డవాళ్ల నెత్తిన పడింది, ఈ తల్లుల మీద పడలేదు. ఆ నవంబర్‌లో అస్సాం రైఫిల్స్ ఆ కోట ఖాళీ చేసింది. ఆ ఒక్క రోజు వల్లే అని నేను అనను, ఆ ఏడంతా మణిపూర్ మండుతూనే ఉంది. కానీ ఆ బ్యానర్ లేకుండా అయ్యేదని కూడా అనలేను.

ఇక చెల్లెళ్లూ, మీరు. ఆదివారం మీరు కూడా ఆ తల్లుల పేరే చెప్పారు, టొరంటో పేరు కూడా చెప్పారు. చెప్పడం మంచిదే, కానీ ఆ రెండింటి పక్కన మన బ్యానర్ పెట్టి చూడండి. 2011 జనవరిలో టొరంటోలో ఒక కానిస్టేబుల్ లా చదివే పిల్లలకు భద్రత గురించి చెప్పడానికి వచ్చి, ఆడవాళ్లు ‘స్లట్’ల (ఇంగ్లీషులో ‘ఆ మాటే’) మాదిరి బట్టలు వేసుకోవడం మానుకోవాలి, అప్పుడు వాళ్ల మీద ఏమీ జరగదు అన్న అర్థంలో మాట్లాడాడు. ఏప్రిల్ 3న వేల మంది ‘స్లట్‌వాక్’ అని పేరు పెట్టుకుని నడిచారు. నడిచి ఎక్కడ ఆగారు? పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు. మణిపూర్ తల్లులు ఎక్కడ నిలబడ్డారు? ఆ సైన్యం ఉన్న కోట గేటు ముందు. ఆ రెండు మాటలకూ చిరునామా ఉంది. ఎవడు విసిరాడో వాడి గుమ్మం ముందుకే తీసుకెళ్లి పెట్టారు. మరి మనం ఏకశిల పార్కు నుంచి అంబేద్కర్ విగ్రహం దాకా ఆ మాట మోసుకుంటూ పోయి ఎవరికి ఇస్తున్నాం? అంబేద్కర్‌కా? దారి పొడుగునా ఉన్న మిర్చి బజ్జీల బండ్లవాళ్లకా? చిరునామా లేని తిట్టు దగ్గర్లో ఎవరుంటే వాళ్లకు తగులుతుంది, దగ్గర్లో ఉండేది మనవాళ్లే.

టొరంటో నడక సంగతి సగమే చెప్పారు మీరు, మిగతా సగం నేను చెప్తాను. అదే ఏడు జూలైలో భోపాల్‌లో, ఆ తర్వాత ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నడిచినవాళ్లు ఆ ఇంగ్లీషు మాట మనవాళ్లకు తగలదని ‘బేషర్మీ మోర్చా’, అంటే సిగ్గులేనివాళ్ల ఊరేగింపు, అని పేరు మార్చుకున్నారు. పొట్టి బట్టలు చూద్దామని వచ్చిన కెమెరాలకు అక్కడ కనబడినవి ఎక్కువగా సల్వార్ కమీజులూ జీన్సులూ. సెప్టెంబర్‌లో అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు స్లట్‌వాక్ వాళ్లకు ఒక బహిరంగ లేఖ రాశారు. వాళ్లు కూడా మీ కోపం తప్పు అనలేదు. బానిసత్వం కాలం నుంచీ మా ఒంటికి అతికించిన మాట అది, దాన్ని ఒకరోజు సరదాగా తగిలించుకుని తీసేసే వీలు మాకు లేదు, ఆ పేరు కింద మేం నడవలేం అన్నారు, నాకు అర్థమైనంతలో. అది రాసిన కొన్నాళ్లకే న్యూయార్క్ నడకలో ఒక తెల్ల అమ్మాయి నల్లవాళ్లను తిట్టే మాట ఉన్న ప్లకార్డు పట్టుకుని తిరిగింది. ఆమెకు దురుద్దేశం లేకపోవచ్చు. ఉద్దేశం బాగుంటే చాలు అనుకున్నప్పుడు జరిగేది అదే.

ఇప్పుడు మా అవ్వ సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆదివారం నుంచి ఆలోచిస్తున్నాను.

మాది కోరుట్ల వైపు. మా అవ్వ బీడీలు చేసేది, వీధి వీధంతా చేసేది. పొద్దున తునికాకు తడిపి, కత్తిరించి, మధ్యాహ్నం దాకా చాట ఒళ్లో పెట్టుకుని చుట్టి, సాయంత్రం ఆ కట్టలు ఖార్ఖానాకు తీసుకెళ్లి లెక్క ఇవ్వాలి. నాకు పదకొండేళ్లు, గంప పట్టుకుని వెంట పోయాను. అక్కడ కూర్చునేవాడు కట్టలు విప్పి చూసి బాగలేవని కొన్ని పక్కన పడేసేవాడు, పడేసినవాటికి కూలి లేదు, బీడీలు మాత్రం వాడి దగ్గరే. ఆ రోజు చాలా పడేశాడు. మా అవ్వ ‘మంచిగనే ఉన్నయ్ గద సారూ’ అంది, అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. వాడు తల కూడా ఎత్తకుండా ఆ మాట అన్నాడు. కోపంగా కూడా కాదు, వరసలో తర్వాతి మనిషిని రమ్మన్నట్టు అన్నాడు. వెనకాల ఇరవై మంది ఆడవాళ్లు ఉన్నారు, ఒక్కరూ తలెత్తలేదు. వస్తూ దారిలో మా అవ్వ నాకు పావలా పుట్నాలు కొనిచ్చి ‘ఇంట్ల చెప్పకు’ అంది.

ఎందుకు చెప్పొద్దందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇంట్లో చెప్తే మా బాపు మొదటి ప్రశ్న ‘వాడు ఊకెనే ఎందుకంటడు?’ అనే అవుతుంది. అన్నవాడు పోయి, పడ్డది సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ మాట చేసే పని అదే, తగిలినదానితోనే దాన్ని దాపించడం. అందుకే చెల్లెళ్లూ, మీరు ఆ బ్యానర్ మాట ఎత్తగానే మొదట లోపల్లోపల నేనే చెయ్యెత్తాను. దాచిపెట్టించే మాటను నడిబజార్లో ఆరు మీటర్ల గుడ్డ మీద ఆరేస్తే ఇంకేం మిగులుతుంది దానికి అనిపించింది. ఇప్పటికీ సగం మనసు అట్లాగే ఉంది, అబద్ధం ఎందుకు.

బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు పెద్దమ్మ చెప్పులేసుకోవడానికి వచ్చింది. చెయ్యెందుకు ఎత్తలేదని అడిగాను. ‘బ్యానర్ పట్టుకునుడు నాకైతే కాదు బిడ్డా. పొద్దుగాల నేను ఊడ్సేది గా రోడ్డే గద. గా హోటల్ కాడ ఛాయ్ తాగెటోళ్లు తెల్లారి నన్ను జూసి, నువ్వే ఒప్పుకుంటివి గదనే అంటరు’ అంది. అని వెళ్లిపోయింది, వాదన కూడా పెట్టుకోలేదు.

నువ్వే ఒప్పుకుంటివి గదనే. అప్పుడు నాకు అర్థమైంది, బ్యానర్ మీద గొడవ ‘ఆ మాట’ గురించి అని మనం మూడు గంటలు కొట్టుకున్నాం, అసలు ముల్లు దాని ముందున్న ‘అవును’లో ఉంది, ఆ పక్కనున్న ‘మేం’లో ఉంది.

‘అవును’ కోసం ఈ రాష్ట్రంలో ఎంత కష్టపడ్డారో తెలుసా మీకు? 1978 మార్చిలో హైదరాబాద్‌లో రమీజాబీ అనే ఆమె, భర్త అహ్మద్ హుస్సేన్ రాత్రి సినిమా చూసి నడిచి వస్తుంటే నల్లకుంట పోలీసులు ఆపారు. ఆమె మీద స్టేషన్‌లో అత్యాచారం చేశారు, అడిగినందుకు రిక్షా తొక్కుకునే ఆ భర్తను కొట్టి చంపారు. ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది, కాల్పులు జరిగాయి, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫున గట్టిగా నిరూపించడానికి చూసింది ఏమిటి? మేం చేయలేదు అని కాదు, ఆమె అటువంటి మనిషి అని. ఆమె భార్య కాదు, వ్యభిచారి అని చెప్పడానికి సాక్షులను పట్టుకొచ్చారు. కమిషన్ నమ్మలేదు, పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయ్యాక వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. సాక్ష్యాల చట్టంలో అత్యాచారం కేసు పెట్టిన ఆమె నడవడి మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయించే వీలు ఒక సెక్షనే ఇచ్చింది, దాన్ని తీసేసింది 2002లో. అంటే కోర్టు హాల్లో ఆ మాటకు వేసిన కుర్చీలోంచి దాన్ని లేపేసి ఇంకా పాతికేళ్లు కూడా కాలేదు. ఇన్నేళ్లు వాళ్లు సాక్షులను పెట్టి, లాయర్లను పెట్టి, మన నోటి నుంచి లాగాలని చూసిన ‘అవును’ను మనమే బ్యానర్ కట్టి ఉచితంగా ఇస్తామా?

వ్యంగ్యం అది, అర్థం చేసుకునేవాళ్లు అర్థం చేసుకుంటారు అంటారు మీరు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో అర్థం చేసుకుంటారు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే రైటర్ అర్థం చేసుకోడు. 2019 నవంబర్ చివర్లో కొద్ది రోజుల తేడాతో ఈ రాష్ట్రంలో ఇద్దరు ఆడవాళ్లను అత్యాచారం చేసి చంపారు, ఒకరిని శంషాబాద్ దగ్గర, ఇంకొకరిని ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళ. మొదటి ఆమె కోసం దేశం లేచింది, రెండో ఆమె కోసం మన ఉత్తర తెలంగాణలోనే గొంతులు పెగలడానికి టైం పట్టింది. తర్వాత ఇద్దరికీ ‘దిశ’, ‘సమత’ అని మంచి మంచి పేర్లు పెట్టాం. చచ్చిపోతే మంచి పేరు. బతికి స్టేషన్ మెట్లెక్కినదానికి ఇప్పటికీ పాత పేరే.

‘మేం’ గురించి. తిట్టును ఎత్తి జెండా చేసుకోవడం కుదరదు అని నేను అనడం లేదు, మన కళ్ల ముందే కుదిరింది. 1994లో మాదిగ దండోరా మొదలైనప్పుడు అప్పటిదాకా ఊళ్లో తిట్టుగా వాడిన కులం పేరును మనుషులు తమ పేరు చివర తగిలించుకున్నారు. నడిపించిన మంద కృష్ణ మాదిగ మన వరంగల్ జిల్లా మనిషే. ఆఫీసుల్లో కులం దాచుకుని బతికిన ఉద్యోగులు నేమ్ బోర్డు మీద మాదిగ అని రాయించుకున్నారు. ముప్పై ఏళ్లు పట్టింది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చింది. ఎందుకు కుదిరిందంటే, తిట్టు ఎవరి మీద పడిందో వాళ్లే ఎత్తుకున్నారు, ఊరూరా ఎత్తుకున్నారు, డప్పు కొట్టి ఎత్తుకున్నారు. వాళ్ల తరఫున వేరేవాళ్లు ఎత్తుకోలేదు. పైగా మాదిగ అన్నది మనుషుల పేరు, దాని వెనక తోలు పనీ డప్పూ అమ్మా నాన్నా ఉన్నారు, తిట్టు దాని మీదికి తర్వాత ఎక్కింది. మరి ‘ఆ మాట’ వెనక ఏముంది? అది ఎవరి పేరూ కాదు, ఎవడో ఇచ్చిన తీర్పు. ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు కూడా దాన్ని ఎత్తుకోలేదు. కలకత్తా సోనాగాచిలో వాళ్లు 1995లో దర్బార్ అని సొంత సంఘం పెట్టుకున్నప్పుడు మేం లైంగిక కార్మికులం అన్నారు, కూలి మాట ఎత్తుకున్నారు, తిట్టు వదిలేశారు. వాళ్లు వదిలేసినదాన్ని మనం వాళ్లను అడక్కుండా తగిలించుకుంటే వాళ్లేమనుకుంటారో ఒక్కసారైనా మాట్లాడుకున్నామా?

హాస్టల్ చెల్లెళ్లంతా కలిగినోళ్ల బిడ్డలు అని నేను అనడం లేదు, మీలో సగం మంది అవ్వలు బీడీలు చేసినవాళ్లో పత్తి ఏరినవాళ్లో అని నాకు తెలుసు. కానీ మీరు ఇప్పుడు యూనివర్సిటీ గేటు లోపల ఉన్నారు, ఆ గేటు కొంత కాపాడుతుంది, అంతే నేననేది.

మాటలు మారవా అంటే మారతాయి, ఎంత మారతాయంటే నవ్వొస్తుంది. ‘సాని’ అంటే ఇవాళ తిట్టు, కానీ అది ‘స్వామిని’ నుంచి వచ్చింది, ఇంటి యజమానురాలు అన్నట్టు. ‘దొరసాని’లో ఇప్పటికీ ఆ మర్యాద మిగిలే ఉంది. కాకతీయుల కాలం శాసనాల్లో గుళ్లకు దానాలు రాయించిన సానులు ఉన్నారు, సొంత పేరుతో, సొంత ఆస్తితో. ఆస్తి పోయింది, మాట దిగజారింది. ‘ముండ’ అంటే గుండు, మొగుడు చచ్చినదానికి గుండు చేసి, ఆ చేసిన పనినే ఆమెకు తిట్టుగా పెట్టారు. మన ఓరుగల్లు రుద్రమదేవి అయితే శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’, ఆడమాటలో సింహాసనం దొరకక మగమాట ఎక్కింది. మొగుడు వదిలేసినది, మొగుణ్ని వదిలేసినది అని రోజూ దెప్పించుకున్నవాళ్లకు 2017లో ప్రభుత్వం ‘ఒంటరి మహిళ’ పింఛను ఇచ్చింది, వెయ్యి రూపాయలు. ఆ మాటలో నాకు నచ్చనిది ఉంది, ఒంటరి ఏంటి, ఆమెకు పిల్లలున్నారు, చెల్లెళ్లున్నారు. కానీ వెయ్యి రూపాయలతో పాటు వచ్చిన మాట కాబట్టి వీధిలో నిలబడింది. ఉత్త మాట అంత తొందరగా నిలబడదు.

ఒక మాట మాత్రం మనం ఎత్తుకోవచ్చని నాకనిపిస్తుంది, ‘బరితెగించిన’. ఇది పెద్దమ్మతో కూడా అని చూశాను, ఆమె నవ్వింది, ‘గదైతే నన్ను మా అత్తనే అనె, మొగడు తాగొస్తె తలుపు తియ్యనందుకు’ అంది. బరి అంటే గీత, హద్దు. బరితెగించింది అంటే గీత దాటింది. ఈ మాట ఒంటి గురించి కాదు, గీత గురించి. అవును, దాటాం, గీసింది ఎవరు అని అడగొచ్చు. ఇక్కడ ‘అవును’ అంటే నాకు భయం లేదు, తలుపు తియ్యని పెద్దమ్మా, రాత్రి లైబ్రరీలో చదువుకునే చెల్లే, కులం కాని వాణ్ని చేసుకున్న టీచరక్కా, అందరం నిజంగానే గీత దాటినవాళ్లమే. ‘మేం’ ఇక్కడ అబద్ధం కాదు.

ఇది చప్పగా ఉంది, దీనికి ఎవడూ ఉలిక్కిపడడు అంటారని తెలుసు. పాకిస్తాన్‌లో ఆడవాళ్లు మార్చి 8న చేసే ఊరేగింపు, ఔరత్ మార్చ్ చూడండి. 2018లో కరాచీలో ఒక ప్లకార్డు, ‘అన్నం నువ్వే వేడి చేసుకో’ అని. ఒక్క బూతు లేదు. టీవీల్లో నెలల తరబడి మగవాళ్లు ఉడికిపోయారు. ఎందుకంటే ఆ మాటకు చిరునామా ఉంది, ప్రతి ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాడికి అది తనకేనని తెలిసిపోయింది. అక్కడిదే ఇంకో సంగతి, 2021 మార్చ్ వీడియోకు తప్పుడు సబ్‌టైటిళ్లు తగిలించి, వాళ్లు అనని నినాదాలు అన్నట్టు ఊరంతా తిప్పారు. అనని మాటలకే అట్లా చేసే రోజుల్లో, ‘అయితే ఏంటి’ కత్తిరించేసి మిగతా సగం బ్యానర్, దాని కింద మన పెద్దమ్మ మొహం, ఎన్ని ఫోన్లలోకి పోతుందో ఆలోచించండి.

కాబట్టి నేను అడిగేది ఇది. పెద్ద బ్యానర్ మీద ‘మమ్మల్ని ఆ మాట అన్నదెవరు?’ అని రాద్దాం. ఆ మాట ఏదో రాయొద్దు. ఈ ఉత్తరంలో నేను ‘ఆ మాట’ అని రాసిన ప్రతిసారీ మీరు లోపల దాన్ని పలికారా లేదా? రోడ్డు మీద చదివేవాడు కూడా పలుకుతాడు, వాడి నోటితో వాడే. అప్పుడు ఆ మాట మన గుడ్డ మీద ఉండదు, వాడి నాలుక మీద ఉంటుంది. వెనక నడిచేవాళ్ల ప్లకార్డుల మీద వాళ్లు మనతో అన్న వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాద్దాం, కింద ఎక్కడ అన్నారో రాద్దాం, మనుషుల పేర్లు వద్దు. ‘రాత్రి పదింటికి నీకు రోడ్డు మీద ఏం పని?’ పోలీస్ స్టేషన్. ‘నిప్పు లేనిదే పొగ వస్తదా?’ కుల పంచాయితీ. ‘ల్యాబ్‌ల ఇంతసేపు ఎవనితోని?’ హాస్టల్. నేను ‘బాగలేవు, పక్కన పెట్టు’ అని రాసుకుంటాను, దాని తర్వాత ఏమన్నాడో చదివినవాళ్లు అడిగితే చెప్తాను. లాయరక్క ఒక ప్లకార్డు మీద సెక్షన్ నంబరు రాస్తానంది, భారతీయ న్యాయ సంహిత 79, ఇదివరకటి 509, ఆడమనిషిని అవమానించాలని మాట అంటే మూడేళ్ల దాకా జైలు. ఆ నంబరు మన బజార్లో ఎంతమందికి తెలుసు?

దారి కూడా మార్చాలి. అంబేద్కర్ విగ్రహం దగ్గర ఆగుదాం, దండ వేద్దాం, కానీ చివరి మజిలీ అది కావద్దు. పోలీస్ కమిషనరేట్ గేటు దాకా పోదాం, పర్మిషన్ ఇవ్వకపోతే ఇవ్వలేదని కూడా రాసి పట్టుకుందాం. అక్కలూ, దీనికి మీరు భయపడితే మాత్రం ఈసారి నేను చెల్లెళ్ల వైపే.

చివరిగా ఒకటి, బ్యానర్ కంటే ఇదే నాకు ముఖ్యం. మన మీటింగులు రాత్రి ఏడింటికి పెడుతున్నాం, కాలేజీలూ ఆఫీసులూ అయిపోతాయని. పెద్దమ్మ పొద్దున నాలుగింటికి లేస్తుంది. ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే ‘పెద్దమ్మకు ఇవన్నీ పట్టవు’ అని మనలో ఒకరు అన్నారు, నేను కూడా నవ్వాను. ఆమె డ్యూటీ దిగి ఇంత తిని వచ్చేసరికి మూడవుతుంది. శనివారం మీటింగ్ మూడింటికి పెట్టండి, క్లాసు ఉన్నవాళ్లు ఒక్కరోజు మానండి. ఆమె ప్లకార్డు మీద ఏం రాయాలో ఆమె చెప్పాలి, రాయడం రాదు కాబట్టి చెల్లెళ్లలో ఎవరైనా రాసిపెట్టండి, ఆమె అన్నది అన్నట్టే, మన తెలుగులోకి దిద్దకుండా. గుడ్డ నేను తెస్తాను. పోయినేడు మిగిలిన ఎర్ర పెయింట్ డబ్బా నా దగ్గరే ఉంది, గట్టిపడిందేమో చూడాలి.

ఇట్లు,
ఆదివారం మధ్యలో బయటికి వచ్చేసినది,
కాజీపేట